హనుమవ్వ కొంగున మిగిలిన తాళం

రాయచూరు దగ్గరి దేవసూగూరు రేవులో టెంకాయలమ్మే హనుమవ్వను ఊళ్లో సగం మంది తాళాలవ్వ అంటారు. కృష్ణలో మునగడానికి వచ్చేవాళ్లకు దేవుడికంటే ముందు బండి తాళం గుర్తొస్తుంది మరి. గట్టున బట్టల్లో పెడితే దొంగల భయం, మొలకు కట్టుకుంటే నీళ్ల భయం. అందుకని ఆమె దగ్గర ఓ టెంకాయ కొని, తాళం ఆమె చేతిలో పెట్టి నీళ్లలోకి దిగుతారు. ఆమె ఒక్కో తాళాన్ని ఒక్కో పిన్నీసుకు గుచ్చి కొంగు లోపలివైపు పెట్టుకుంటుంది. అమావాస్యనాడు ఆమె లేచి నడిస్తే గజ్జెలు కట్టిన ఎద్దు వస్తున్నట్టే ఉంటుంది. చదువు రాదు, పేర్లు అడగదు. మొహం చూస్తే చాలు, సరైన తాళం మీదికే చెయ్యి పోతుంది. ఇరవై ఏళ్లలో ఒక్కటీ తారుమారు కాలేదు.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. మూడేళ్ల కిందట, ఒక మోటారు సైకిలు తాళం. ఎక్కడో తింటున్నాడేమో, వస్తాడులే అనుకుని ఆమె పొద్దుగూకేదాకా కూర్చుంది. మర్నాడు ఆ మనిషి దిగువన బండల దగ్గర శవమై దొరికాడు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. తనను తాను అనుకోవడం మాత్రం ఆమె ఇంకా మానలేదు.

మొన్నటి అమావాస్యకు వీరబాబు వచ్చాడు. బాళగనూరులో కాలువ కింద వరి పండించే ఆంధ్రా రైతు. ముప్పై ఏళ్లుగా అమావాస్య అమావాస్యకూ బస్సులో వచ్చి మునిగి వెళ్లేవాడు కాబట్టి హనుమవ్వతో ఎప్పుడూ పని పడలేదు. ఈసారి కారులో వచ్చాడు. కొని తొమ్మిది రోజులు. ఒక్కడే తోలుకొచ్చాడు. ఆయన భార్య శ్యామలాదేవికి ప్రాణం మీద తీపి ఎక్కువ, ఎక్కనంది. పైరు దగ్గర మోటారు షెడ్డు తాళం కట్టుకునే అలవాటు కొద్దీ కారు తాళాన్ని కూడా మొలతాడుకు ముడేస్తుంటే హనుమవ్వ కసిరింది.

"ఏందయ్యా గది? బటన్ల తాళం నీళ్లల్ల మునిగితే పని చేస్తదా? ఇటియ్యి."

"జాగ్రత్తండమ్మా. సంచి పోతే పోయింది గానీ, ఇది పోయిందంటే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు," అని ఆయన నీళ్లలోకి దిగాడు.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. కొంగు తేలికైంది. తడిమి చూసుకుంటే ఒకటే తాళం. కారు వేపచెట్టు నీడలోనే ఉంది. సూగూరేశ్వరుడి గుడి దగ్గరికి పరిగెత్తి చూసింది, ఆయన లేడు. గట్టున చూసింది. మొక్కు తీరి విడిచేసిన పాతబట్టలు కుప్పలు పడి ఉన్నాయి, అందులో ఎవరివేవో ఎవరు చెప్పగలరు? పిలుద్దామంటే పేరైనా తెలియదు.

"ఓ కారాయనా! యాడున్నవయ్యా, ఓ కారాయనా!"

బట్టలుతికేవాళ్లు నవ్వారు. పుట్టి నడిపే కిష్టయ్య జొన్నరొట్టె తుంచుకుంటూ, "యాడికో పోయింటడు, ఒస్తడు తియ్యవ్వా," అన్నాడు.

"ఆ మాటనే అప్పుడు నేనన్న. రొట్టె పక్కకు పెట్టు. జల్దీ పుట్టి దింపు."

ఆ గొంతు విని కిష్టయ్య రొట్టె మూటగట్టి లేచాడు. ఇద్దరు ఈతగాళ్లను ఎక్కించుకుని గడతో మడుగులన్నీ గాలించాడు. హనుమవ్వ ఒడ్డున నిలబడి, మిగిలిన టెంకాయలన్నీ సూగూరేశ్వరుడికి మొక్కేసుకుంది. గంటయింది. గంటన్నరయింది. గడ దేనికైనా తగిలినప్పుడల్లా ఆమె కళ్లు మూసుకుంది.

రోడ్డు మీద బస్సు ఆగింది. ఒక మనిషి చెప్పులు చేతపట్టుకుని రేవుకేసి పరిగెత్తుకొచ్చాడు. నున్నగా దువ్విన తల, నుదుటిన విభూతి, చంకలో సంచి.

"అమ్మా, నా కారు... కారు ఉందాండీ?"

హనుమవ్వ ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుంది. "యాడ సచ్చినవయ్యా!" అని మాత్రం అనగలిగింది.

"అలవాటు చొప్పున బస్సెక్కేశానమ్మా," అన్నాడు వీరబాబు, సిగ్గుతో చితికిపోతూ. "రాయచూరులో దిగి మా ఊరివైపు పోయే సింధనూరు బస్సులో కిటికీ పక్కన సీటు కూడా పట్టాను. అప్పుడు మా ఆవిడ ఫోను చేసింది, 'కారు మెల్లగా తోలుతున్నారా?' అని."

గట్టు గట్టంతా పగలబడి నవ్వింది. ఆయనా నవ్వబోయి, నదిలో పుట్టిని, నీళ్లలో మునిగి లేస్తున్న ఈతగాళ్లను చూసి ఆగిపోయాడు.

"అయ్యో, ఎవరన్నా పోయారా అమ్మా?"

అందరూ ఆయన్నే చూస్తున్నారు. సంగతి అర్థమయ్యేసరికి ఆయన ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డాడు.

హనుమవ్వ పిన్నీసు విప్పబోయింది. అది ఊడిరాలేదు. కొంగు చాపితే ఆయనే విప్పుకున్నాడు. ఈలోగా కిష్టయ్య పుట్టిని ఒడ్డుకు లాగి గడ విసిరేశాడు.

"పొద్దంతా ఎతికిపిస్తివి గదవ్వా! నదంతా దేవినం, ఏమన్న దొరికిందా?"

"దొరకలే," అంది హనుమవ్వ. అదే మాట మళ్లీ అంది, "దొరకలే కిష్టయ్యా, ఏమీ దొరకలే!" ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో గట్టున ఎవరికీ తెలియలేదు.