ఖాళీ గదిలోంచి మోగిన గంట

కోవిడ్ తర్వాత వచ్చిన మొదటి వేసవిలో నన్ను అచ్యుతాపురం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీకి ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా వేశారు. మీటర్లు, సెన్సార్లు, అలారాలు సరిగా పనిచేసేలా చూడటం మా పని. రిటైర్మెంటుకి ముందు అదే నా ఆఖరి పోస్టింగు.

అక్కడ రొయ్యలు నిల్వచేసే శీతల గదులు ఆరు. లోపల మైనస్ ఇరవై. ప్రతి గదిలో తలుపు పక్కన ఒక ఎర్ర బటన్ ఉంటుంది. ఎవరైనా లోపల చిక్కుకుపోతే దాన్ని నొక్కాలి. కంట్రోల్ రూములో గంట మోగి, కంప్యూటర్ తెర మీద ఆ గది నంబరు వెలుగుతుంది. ఆ చలిలో మనిషి ఎక్కువసేపు నిలవడు.

ఆ కంప్యూటర్ పాతది, హార్డ్ డిస్కు పోయింది. కొత్తది అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ వచ్చే ఏడాది ఎప్పటికీ రాదని తెలిసి, డబ్బు కట్టక్కర్లేకుండా దొరికే, పెన్‌డ్రైవులో పట్టే బుల్లి లైనక్స్ సిస్టమ్ పెట్టాను. ఆన్ చేయగానే అది మొత్తం మెమరీలోకి చేరిపోతుంది. పెన్‌డ్రైవు తీసేసినా నడుస్తుంది. ఆపేస్తే అంతా తుడిచిపెట్టుకుపోయి, మళ్ళీ మొదటి రోజులాగే లేస్తుంది. తెర మీద ఒకే ఒక్క విండో, అందులో ఆరు గడులు. షిఫ్ట్ ఇన్‌చార్జి మూర్తిగారికి మాత్రం ఊరికే వచ్చిన సరుకు మీద నమ్మకం లేదు.

ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, మూడో నంబరు వెలిగింది. మంచు కరిగించడానికి ఆ పొద్దున్నే మూడో గదిని ఖాళీ చేసి తలుపు బార్లా తెరిచిపెట్టారు. మనిషిని పంపి చూపించారు, లోపల ఎవరూ లేరు. మళ్ళీ మోగింది. ఆపరేటర్ శాంతకుమారి ముఖం పాలిపోయింది. అంతకుముందు ఆ గదిలో పనిచేసిన కూలీ ఒకతను చనిపోయాడు. పోయింది ఇంట్లో, జ్వరంతో. కానీ దెయ్యాల విషయంలో మనవాళ్ళు అంత వివరంగా చూడరు.

గంట వైరు పీకేయమన్నారు మూర్తిగారు. నేను ఒప్పుకోలేదు. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ వేశాను. ఇప్పుడు మెమరీ కడిగిన పళ్ళెంలా ఉండాలి. తెర రాగానే మూడు వెలిగింది. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తీశాను. అంతా ఒక్క తెరలో పట్టేస్తుంది, ప్రతిదీ నేను పెట్టినదే. సొంతంగా గంట కొట్టేది అందులో ఏదీ లేదు. అంటే ఎవరో నిజంగా నొక్కుతున్నారు. దాచడం దేనికి, నాకూ ఆ చనిపోయిన కూలీయే గుర్తొచ్చాడు.

ఫోను పట్టుకుని మూడో గదిలోకి వెళ్ళాను. తడి నేల, నీళ్ళ చుక్కలు పడుతున్న చప్పుడు, ఎదురుగా ఎర్ర బటన్. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు.

"మళ్ళీ నొక్కుతన్నారు సార్," అంది శాంతకుమారి ఫోనులో. "మీ పక్కన ఎవులున్నారు సార్?"

ఎవరూ లేరన్నాను. ఏం చెయ్యాలో తోచక ఆ బటన్ నేనే నొక్కాను.

"ఇప్పుడు ఐదు ఎలిగింది సార్. మూడు కాదు, ఐదు."

అప్పుడు అర్థమైంది. ముందు వారం, గదుల తీగలన్నీ కలిసే జంక్షన్ బాక్సు మార్చినప్పుడు మూడు, ఐదు గదుల తీగలు తారుమారు చేశారు. ఐదో గదికి పరిగెత్తి బయటినుంచి తలుపు లాగాను. లోపలి గడియ మంచుపట్టి బిగుసుకుపోయి ఉంది. సబ్బవరం నుంచి పనికి వచ్చే లోడింగ్ మనిషి సూరిబాబు బటన్ ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. తలుపు తీశాక కూడా అతని చెయ్యి నొక్కుతూనే ఉంది.

"ఎంతసేపట్నుంచో కొడతన్నాను బావా," అన్నాడు, నన్ను ఎవరనుకున్నాడో. "మీకు ఇనిపించనేదేటి?"

అతను బతికాడు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా తెరను మాత్రమే చూసి ఏ అలారమూ సరిగా ఉందని సంతకం పెట్టలేదు. ప్రతి బటన్ దగ్గరకూ వెళ్ళి నొక్కి, అవతల ఏ నంబరు వెలిగిందో అడిగేవాణ్ణి. ఇంకొకటి, గంట మోగితే ముందు అన్ని తలుపులూ తెరవాలి. తప్పు కంప్యూటర్‌దో కాదో తర్వాత తేల్చుకోవచ్చు. మా కంప్యూటర్‌లో తప్పు లేదని తేల్చడానికి పట్టినంతసేపూ సూరిబాబు లోపలే ఉన్నాడు.