తారు గోడ మీద పిడకలు

జహనుమా వాడలో కొమురమ్మకు మూడు బర్రెలూ ఒక మొగుడూ. బర్రెలు పాలూ పేడా ఇచ్చేవి. మొగుడు మైసయ్య సలహాలు ఇచ్చేవాడు. పాలు ఎంత పోసినా, ఇల్లు గడిచేది పిడకల మీదే.

పిడకలకు పేడ ఒక్కటే చాలదు, ఎండ తగిలే గోడ కావాలి. కొమురమ్మకున్నది తడకల కొట్టం. అందుకని అత్త కాలం నుంచీ పక్కింటి గోడకే కొట్టేవాళ్ళు. ఆ ఇల్లు కొని కొత్తగా దిగిన విశ్వేశ్వర్ సర్కారీ దఫ్తరులో గుమాస్తా. ఆయన ఇంట్లో రాక్షసి బొగ్గు తప్ప మరొకటి మండేది కాదు. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని బొగ్గు గొప్పతనం వాడకంతా వినిపించేవాడు.

ఒక ఎండాకాలం ఆయనకు తన గోడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"దునియా ఏడికో పోయింది. గనులకెల్లి బొగ్గు వస్తుంటే ఇంకా ఈ పేడ ఏంది?" అన్నాడు.

"గని తవ్వితే ఒడుస్తది సాబ్. నా బర్రె రేపు పొద్దుగాల గూడ పెడ్తది," అంది కొమురమ్మ.

వాడంతా నవ్వింది. విశ్వేశ్వర్‌కు ఒళ్ళు మండింది. మర్నాడే గోడకంతా తారు పూయించి, అందరి ముందూ చెప్పాడు. "ఇగ పేడ అంటదు. అంటితే కొట్టుకో పో, నేను అడ్డం రాను."

కొమురమ్మ రోజులు లెక్కపెట్టుకుంది. మిరుగు కార్తె దగ్గరపడుతోంది. వానలు మొదలయ్యేలోపు పిడకలు ఎండకపోతే వానాకాలమంతా అమ్ముకోడానికేమీ ఉండదు, ఒక బర్రెను అమ్ముకోవాల్సిందే. "ఇంకో గోడ చూస్కో," అన్నాడు మైసయ్య, గోడలు అంగట్లో దొరుకుతాయన్నట్టు.

ఆమె పేడలో పొట్టు ఎక్కువ కలిపి ఒక ముద్ద కొట్టింది. జారింది. ఇంకొకటి కొట్టింది. అదీ జారింది. మూడోదాన్ని విశ్వేశ్వర్ ముఖం తలుచుకుని కొట్టింది. అంటుకుంది.

పైగా నల్ల గోడ ఎండకు పెనంలా కాలింది. పిడకలు ఎప్పటికన్నా ముందే ఎండి కొట్టం సగం నిండింది. ఇచ్చిన మాట మింగలేక కక్కలేక విశ్వేశ్వర్ ఆ వైపు కిటికీ మూసుకున్నాడు.

ఆ ఏడే యుద్ధం పేరు చెప్పి బొగ్గంతా రైళ్ళకూ కార్ఖానాలకూ పోయింది. కిరసనాయిలు కూడా దొరకడం గగనమైంది. వానల్లో ఒక పొద్దున విశ్వేశ్వర్ భార్య నాగమణమ్మ ఖాళీ గంపతో కొట్టం ముందు నిలబడింది.

"నిన్నటి సంది పొయ్యి ముట్టియ్యలే, కొమురమ్మా. మా ఆయనకు తెల్వకుండ నాలుగు పిడకలియ్యి."

కొమురమ్మకు ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. పస్తున్న ఆడమనిషి ముఖం చూసి జాలేసి మింగేసింది. "తీస్కపో అమ్మా. మీ గోడ మీద ఎండినయే గదా," అని గంప నింపింది.

ఆ రోజు విశ్వేశ్వర్ వేడన్నం తిన్నాడు. ఏ మంట మీద ఉడికిందో అడగలేదు. ముక్కున్న మనిషే మరి.

వానలు వెలిశాక ఆయన నిచ్చెన వేసుకుని, రెండో వైపు గోడకు తన చేత్తోనే తారు పూయడం మొదలుపెట్టాడు.

"ఎవ్వలు పిడకలు కొట్టొద్దని," అన్నాడు, వాడకంతా వినపడేలా.

"మంచిది సాబ్," అంది కొమురమ్మ. "ఆ పైమూల గూడ మరువకుండ్రి. ఎండ ఆడనే మస్తు పడ్తది."

విశ్వేశ్వర్ నిచ్చెన అటు జరిపాడు.