తగరపువలస మడిలో సీసా యూరియా

పెందుర్తిలో బస్సెక్కేసరికి ఏడున్నర. ఆదివారం కాబట్టి కిటికీ పక్క సీటు దొరికింది. స్టీల్ ప్లాంటులో నాకు దొరికిన ఒక్క సెలవుని ఎరువు సీసా కోసం పాడుచేసుకోవడం మా ఆవిడకి నచ్చలేదు. ఊళ్లో మా ఎకరం వరి చూసేది మా బావ సత్యం. యూరియా బస్తా కావాలంటే కంటికి కనపడనంత సన్నటి కణాలుండే నానో యూరియా సీసా కూడా కొనాలని కొట్టువాడు అన్నాడట. సత్యం ఫోన్ చేశాడు.

"అరలీటరు సీసా బస్తా పని సేత్తాదంట. తగరపువలస కాడ ఎవుల్దో పొలంలో సూపిత్తన్నారు. ఓపాలి సూసి సెప్పు బావా."

అంటగట్టే సరుకంటే నాకు ముందునుంచీ అనుమానమే.

మద్దిలపాలెంలో బస్సు మారాను. పక్క సీట్లో జాలరిపేట నుంచి చేపలమ్ముకోడానికి వెళ్తున్న పైడమ్మ. నా పని చెబితే తాపీగా వింది.

"అంత సన్నంది వానకి కొట్టుకొచ్చి సంద్రంలో కలిత్తే సేపలకేటవుద్ది బాబూ?"

అక్కడ అడిగి చూస్తానన్నాను.

తగరపువలసలో ఇడ్లీ తిని, ఆటోలో పొలానికి చేరాను. అప్పటికే చాలామంది రైతులు వచ్చారు. సీసా కంపెనీ తరఫున సునీత అనే అమ్మాయి మాట్లాడుతోంది. బస్తా యూరియాలో కొంత గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తోందట, వానలు అదును తప్పడానికి అదీ ఒక కారణమట. సన్నటి కణాల మందు ఆకు మీదే కొడితే అంత వృథా ఉండదట. పైఎరువుగా సీసా మందు తప్ప ఇంకేమీ వెయ్యలేదంటూ మడి చూపించింది. పచ్చగా నిగనిగలాడుతోంది. నాకెందుకో మరీ బాగున్నట్టనిపించింది.

అందరూ పాక దగ్గరికి మజ్జిగకి వెళ్లినప్పుడు గట్టు వెంట నడిచాను. ఎండుగడ్డిలో తెల్లటి గుళికలు కనిపించాయి. తడి అరచేతిలో వేసి రుద్దితే కరిగి, చల్లగా తగిలింది. బస్తా సరుకే. యూరియా.

సునీతని పిలిచి చూపించాను. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. ఆమె గుళికలు చేతిలోకి తీసుకుని చూసింది. మడి యజమాని రాములుని పిలిచి అడిగింది. ఆ పెద్దాయన తల దించుకున్నాడు.

"నానే ఏసినాను తల్లీ. ఇంతమందిని తెత్తన్నారు. సేను పచ్చగా నేకపోతే పరువు పోద్దని బయమేసింది."

ఆమె నేరుగా పాక దగ్గరికి వెళ్లి అందరికీ చెప్పేసింది.

"ఈ మడి చూసి ఎవరూ సీసా కొనకండి. ఇందులో రెండూ పడ్డాయి. ఏది పనిచేసిందో నాకూ తెలీదు."

చేపల సంగతీ అడిగాను. అది ఇంకా తేలాల్సిన విషయమేనంది.

తిరుగు బస్సులో మద్దిలపాలెం దాకా నిలబడే వచ్చాను. సత్యానికి ఫోన్లో జరిగిందంతా చెప్పాను.

"అయితే నమ్మొచ్చా బావా?"

"ఆ పిల్లని నమ్మొచ్చు. సీసా సంగతి సెప్పలేను. ఒక్క మడికి కొట్టి సూద్దాం. దానికి మాత్రం బస్తా యూరియా ఎయ్యకు."

సత్యం ఫోన్లోనే మడులన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు.

"మంచి మడికే కొడతాను," అన్నాడు చివరికి. "సెడ్డ మడికి కొడితే, నేల బాగోక పండకపోయినా తప్పు సీసాదే అనేత్తాను."