స్టేడియం దారిలో మా మేనత్త

నిన్న పొద్దున్నే మా ఉక్కునగరం వాట్సాప్ గ్రూపులో ట్రాఫిక్ మళ్లింపుల పటం ఒకటి వచ్చింది. మధురవాడ స్టేడియంలో మళ్లీ అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ ఉందట. మూసే రోడ్లకు ఎర్ర గీతలు, తిప్పే రోడ్లకు ఆకుపచ్చ గీతలు. దువ్వాడ నుంచి ఎన్నింటికి బయల్దేరాలని ఒకరు, పాసులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని మరొకరు అడుగుతున్నారు. నేను మాత్రం ఆ ఎర్ర గీతల మధ్య ఒక సన్నటి సందు కోసం చాలాసేపు వెతుక్కున్నాను. మా మేనత్త కడదాకా ఉన్న సందు అది.

అత్త పల్లెలో వరి, నువ్వులు పండించిన మనిషి. మావయ్య పోయాక కొడుకు దగ్గరికి, అంటే మా బావ దగ్గరికి వచ్చేసింది. బావ ఇల్లు స్టేడియానికి కూతవేటు దూరంలో. మ్యాచ్ ఉందంటే ఆ కాలనీ బతుకే మారిపోయేది. పాలూ కూరలూ మందుబిళ్లలూ ముందురోజే తెచ్చుకునేవారు. మధ్యాహ్నం దాటితే కారు గేటు దాటదు కనుక ఆ రోజున ఎవరూ పెళ్లిచూపులు పెట్టుకునేవారు కాదు. ఏళ్ల తరబడి పలకరించని చుట్టాలు ఫోన్ చేసి ముందు ఆరోగ్యం గురించీ, తర్వాత పాసుల గురించీ అడిగేవారు. బావ విసుక్కునేవాడు. అత్తకు మాత్రం అదొక తీర్థం, ఊరి జాతరలాగే. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, దారినపోయే ప్రతివాణ్ణీ "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగేది. ఒకసారి ఎర్రగా కందిపోయిన విదేశీ దంపతుల్ని కూడా అలాగే అడిగింది. వాళ్లకేం అర్థమైందో గాని, నవ్వి చేతిలో చిన్న జెండా పెట్టి వెళ్లారు. అది తెచ్చి బంతిపూల కుండీలో గుచ్చింది.

ఒక ఏడు ఆడవాళ్ల ప్రపంచకప్ మ్యాచ్‌లు మన ఊళ్లో పెట్టారు. అత్తకు ముందు నమ్మకం కుదరలేదు. "ఒరే అల్లుడా, ఇంతమంది జనం ఆడపిల్లల ఆట సూడ్డానికే వత్తన్నారేటి?" అని నాకు ఫోన్ చేసి మరీ అడిగింది. అవునన్నాను. "మా రోజుల్లో ఆడది పరిగెడితే అరిసీవోరు. ఇప్పుడు పరిగెట్టమని అరుత్తన్నారు" అంది, ఎంతో అబ్బురంగా.

మన జట్టు ఆడే ఒక రోజు పొద్దున్నే అత్త కాఫీ తాగి, ఇంకాసేపు పడుకుంటానని కోడలితో చెప్పి పడుకుంది. మరి లేవలేదు.

బావ ఫోన్‌లో రెండే ముక్కలన్నాడు. "అమ్మ ఎల్లిపోనాది బావా. దారులు మూసీలోగా వచ్చీ." స్కూటర్ మీద బయల్దేరాను గాని, హైవే మీదే ఆపేశారు. బండి ఒక పక్కన పెట్టి నడిచాను. ఇరువైపులా నీలం చొక్కాలు, బుగ్గల మీద జెండా రంగులు, పీపీ బూరలు. అంత సంబరంలో ఏడుపు ముఖంతో ఎదురు నడుస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనిపించింది.

చుట్టాలందరూ నాలాగే నడిచి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. శ్మశానం హైవే అవతల. దారి స్టేడియం గేటు ముందునుంచే. శవాన్ని తీసుకెళ్లే బండి రావడానికి వీల్లేదు. బావ కొయ్యబారిపోయాడు. "అంతమంది సంబరంగా వత్తంటే మనం శవాన్ని ఎదురట్టుకెల్తామా బావా? తిట్టుకుంటారు. మా అమ్మని తిడితే నాను తట్టుకోలేను" అన్నాడు. పల్లె నుంచి వచ్చిన అత్త చెల్లెలు ఒప్పుకోలేదు. "పొద్దుగూకితే తియ్యకూడదు. రేపటిదాకా ఉంచుతావేటి మీ అమ్మని?" అంది.

నేను వెళ్లి బారికేడ్ దగ్గరున్న ఎస్సైని అడిగాను. చిన్న వయసు అమ్మాయి, పొద్దుటి నుంచీ ఎండలో నిలబడి అరిచి అరిచి గొంతు పోయింది. అంతా విని, "డప్పులు వద్దండి, జనం కంగారుపడి తోసుకుంటారు. పాడె తీసుకురండి, నేను ముందు నడుస్తాను" అంది.

డప్పులు లేకుండానే అత్తను ఎత్తుకున్నాం. ముందు ఆ అమ్మాయి, ఆమె వెనక నిప్పుకుండతో బావ, ఆ వెనక మేం. సందు దాటి పెద్దరోడ్డెక్కగానే ఎదురుగా సముద్రంలా జనం. ఆమె చెయ్యెత్తింది, అంతే. ముందు వరసవాళ్లు మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నారు. వాళ్లని చూసి వెనకవాళ్లు. బూరలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేం అడుగు వేసేకొద్దీ ఆ నిశ్శబ్దం మాకంటే ముందు నడిచింది. టోపీలు తీశారు. ముఖమంతా రంగు పూసుకున్న మనుషులు చేతులు జోడించారు. పసుపు జెర్సీ వేసుకున్న ఒక విదేశీయుడు జెండా దించి తల వంచుకున్నాడు. నా పక్కన మోస్తున్న ముసలాయన తడబడితే, నీలం చొక్కా ఒకతను చెప్పులు విడిచేసి వచ్చి, "ఇలాగియ్యండి తాతా" అని భుజం మార్చుకున్నాడు. అతని పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

సరిగ్గా గేటు ముందుకొచ్చేసరికి లోపల నేల అదిరేలా కేక లేచింది. బావ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఏటైంది?" అన్నాడు. కొత్తగా భుజం పట్టినతను, "వికెట్ పడింది అన్నా" అని మెల్లగా చెప్పాడు. బావ తలూపి మళ్లీ నడిచాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. అత్త ఉంటే ఎవరు పడగొట్టారని అడిగేది.

సూర్యుడు ఉండగానే పని పూర్తయింది. స్నానం చేసి తడిబట్టలతో గట్టు మీద కూర్చున్నాం. దూరంగా స్టేడియం దీపాలు వెలిగాయి. బావ చాలాసేపు అటే చూశాడు. "మా అమ్మకి ఎంతమంది వచ్చారో సూసావా బావా" అన్నాడు.

అప్పటికి ఆ జనమంతా లోపలికి వెళ్లి అరుస్తూనే ఉండుంటారు. అందులో తప్పేముంది? అరవడానికే కదా వచ్చారు. ఆ ఆట ఎవరు గెలిచారో చెప్పమంటే నేనిప్పుడు తడుముకోవాలి. ఊరి పండగనీ ఒక ఇంటి చావునీ కాలం ఆ రోజు ఒకే రోడ్డు మీదికి తెచ్చింది. రెండూ ఒకదానికొకటి దారిచ్చుకున్నాయి. నాలుగు నిమిషాలో, పది నిమిషాలో, నేను లెక్కపెట్టలేదు గాని, ఇన్నేళ్ల నా బతుకులో కాలం తనంతట తాను ఆగి నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.