డీజిలు ఇంజనుకి పట్టిన గాలి

నా చిన్నప్పుడు మా నాన్నగారికి డీజిలు పిచ్చి పట్టింది. రాజోలు దగ్గర మా ఊళ్లో కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. లక్షణంగా నడుస్తున్న పెట్రోలు కారుకి ఇంజను పీకించి, అమలాపురంలో డీజిలు ఇంజను వేయించారు. ఇంక ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు అదే కథ, లీటరుకి ఎంత మిగులుతోందో! వారానికోసారి బయటికి తీసే కారుకి అంత ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుందని అమ్మ అడిగితే మాత్రం ఆయనకి చెవుడు వచ్చేసేది.

ఇంజను మారింది గానీ ఆయన అలవాటు మారలేదు. ట్యాంకు ఏనాడూ నింపరు. చుక్క లేకుండా అయిపోయాక, డిక్కీలో ఉన్న డబ్బా తీసి పోసేవారు. పెట్రోలు రోజుల్లో అలా పొయ్యగానే కారు కదిలేది.

ఒక వేసవి మధ్యాహ్నం అమ్మకి ఉబ్బసం ముదిరింది. ఊళ్లో డాక్టరుగారు సూది వేసి, వెంటనే అమలాపురం తీసుకెళ్లిపొమ్మన్నారు. వెనక సీట్లో అమ్మ తల నా భుజం మీద ఉంది. సగం దారిలో, కాలవ గట్టు మీద కారు ఆగిపోయింది. నాన్నగారు ధీమాగా డబ్బా పోసి తాళం తిప్పారు. ఇంజను మూలిగిందే గానీ అందుకోలేదు. మళ్లీ తిప్పారు. మళ్లీ. రోడ్డు మీద నరమానవుడు లేడు. అమ్మ పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, పది దాటేసరికి భయమేసి మానేశాను. అమ్మ చచ్చిపోతుందనే అనుకున్నాను.

పక్క తోటలో ఆయిలింజనుతో నీళ్లు తోడుతున్న ఒకావిడ మా స్టార్టరు చప్పుడు విని పరుగున వచ్చింది.

"ఇంక కొట్టకండి బాబుగారూ, బ్యాటరీ దిగిపోద్ది. ఖాళీ అయ్యేదాకా నడిపేరాండి?"

"ఆయ్," అన్నారు నాన్నగారు. కూలి మనుషులతో ఆయన అంత మర్యాదైన మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

"డీజిలు గొట్టంలో గాలి పట్టేసిందండి. అది పోతేగానీ అందుకోదు."

తన ఇంజను పానాతోనే డీజిలు ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, దాని పక్కనే ఉన్న చిన్న చేతిపంపు నన్ను కొట్టమంది. ఏడుస్తూ కొట్టాను. నురగ, నురగ, మళ్లీ నురగ. ఆఖరికి బుడగ లేకుండా డీజిలు వచ్చింది. ఆవిడ బోల్టు బిగించింది, నాన్నగారు తాళం తిప్పారు. రెండోసారికి ఇంజను అందుకుంది.

ఆస్పత్రిలో ఆక్సిజను పెట్టాక చాలాసేపటికి అమ్మ నా పేరు పిలిచింది. వారం తిరక్కుండా నాన్నగారు చీర పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లారు, నన్నూ తీసుకెళ్లారు. "డీజిలు చవకేనండి. ఖాళీ చేస్తేనే దానికి కోపం," అని నవ్విందావిడ. నాన్నగారు మళ్లీ ఎవరికీ ఆ మిగులు కథ చెప్పలేదు.

మొన్న మా మనవరాలు కారు కొంటూ, డీజిలా పెట్రోలా అమ్మమ్మా అని అడిగింది. రోజూ దూరాలు తిరిగితే డీజిలు, లేకపోతే దండగ అన్నాను. ఆ లెక్క ఎవరైనా చెప్తారు. నేను మాత్రం ఏ కారెక్కినా ముందు ఇంధనం ముల్లు చూస్తాను. అది సగానికి దిగిందంటే బంకు వచ్చేదాకా పోరు పెడతాను. చాదస్తం అని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. బంకు వచ్చేదాకా పక్కనున్నవాళ్ల ఊపిరి వింటూ కూర్చుంటానని వాళ్లకేం తెలుసు?