వదిన గుర్తుపట్టిన ముడి

పోయిన నెల పౌర్ణమి మర్నాడు పొద్దున్నే మా అన్న కూతురు వచ్చి, "చిన్నాయనా, అమ్మ లెయ్యలా" అంది. నేను వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాను. మా వీధిలో అందరికంటే ముందు లేచేది మా వదినే. అందుకని ఆ రెండు మాటలతోనే నాకు అర్థమైపోయింది. చేతిలో దారం అట్లాగే పట్టుకుని లేచాను.

మాది మైపాడుకి దక్షిణాన, సముద్రానికీ రొయ్యల గుంటలకీ మధ్యనున్న చిన్న పల్లె. మా అన్న బతికున్న రోజుల్లో పడవ మీద వెళ్ళేవాడు. ఆయన పోయాక వదిన మేకల్ని పెట్టుకుని బతికింది. ఊళ్ళో ఆమె గురించి నాకంటే బాగా చెప్పగలిగిన వాళ్ళున్నారు. కానీ ఒక సంగతి నాకొక్కడికే తెలుసు. ఆమె దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పాలి.

వదినకి పొద్దున్నే ఇసక చదివే అలవాటు. మేకల్ని తోలుకుపోతూ తల వంచుకుని నడిచేది. ఇది ఎండ్రకాయ, ఇది ముంగిస, ఇది మన కుక్క అని తనలో తాను చెప్పుకునేది. కుక్క అడుగులు అటూ ఇటూ తిరుగుతాయట. నక్క అడుగులు దారం లాగినట్టు ఒకే వరసలో పోతాయట. "కుక్కకి పెట్టేవాళ్ళుండారు, తిరగతది. నక్క పనిమీద పొయ్యేది" అనేది.

సవక చెట్ల తోపులు, అదే సరుగుడు, కొట్టి రొయ్యల గుంటలు తవ్వాక నక్కలు ఇళ్ళ వైపు రావడం మొదలైంది. ఒకరోజు తెల్లవారేసరికి వదిన దొడ్లో మేకపిల్ల ఒకటి లేదు. తల్లిమేక అరుస్తుంటే వదిన దాని పక్కనే కూర్చుని చాలాసేపు వీపు నిమిరింది. అది చూసి నేను ఓర్చుకోలేకపోయాను. చెప్పకుండా వెళ్ళి, మిగిలిన తోపులో ఐదు వైరు ఉచ్చులు పెట్టి, నైలాన్ తాడుతో చెట్ల మొదళ్ళకి కట్టి వచ్చాను. ఆమె కోసమే చేశాననుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే వదిన తోపులోంచి నన్ను కేకేసింది. వల తీసుకుని రమ్మంది. పోయి చూస్తే ఉచ్చులో ఆడనక్క. ముందుకాలు చిక్కుకుని ఉంది. చన్నులు పాలతో నిండి ఉన్నాయి. చుట్టూ ఇసకంతా పెళ్ళగించింది. నన్ను చూసి పళ్ళు కూడా చూపించలేదు. అంత అలసిపోయింది.

"ఇసరబ్బయ్యా" అంది వదిన.

నలభై ఏళ్ళుగా విసురు వల విసురుతున్నాను. నేల మీద విసరడం అదే మొదలు. వల సరిగ్గానే పడింది. నేను అంచులు అదిమి పట్టుకుంటే, వదిన గోతాం దాని తలమీద కప్పి, మేకని సముదాయించినట్టే ఏదో మాట్లాడుతూ వైరు వదులు చేసింది. వల ఎత్తగానే అది కుంటుకుంటూ పోయింది. ఒకసారి కూడా వెనక్కి చూడలేదు.

వదిన చెట్టుకున్న తాడు విప్పబోయింది. విప్పబోయి, ముడిని వేలితో తడిమి ఆగింది. మా ఊళ్ళో వల కుట్టే ప్రతి చేతికీ ఒక ముడి ఉంటుంది. నాది రెండు చుట్లు ఎక్కువ. మా దొడ్లో ఏ తాడు చూసినా అదే ముడి. నేను తల దించుకున్నాను.

"నీ ముడి గట్టిదబ్బయ్యా. దాన్ని వలకే పెట్టుకో" అంది. అంతే. మేకల్ని పిలుచుకుంటూ వెళ్ళిపోయింది. మిగిలిన నాలుగు ఉచ్చులు అప్పుడే తీసేశాను.

ఆ వారమే రొయ్యల గుంటల వాళ్ళు పొరుగూరి నుంచి ఉచ్చులు పెట్టేవాళ్ళని పిలిపిస్తామన్నారు. వలల షెడ్డు దగ్గర అందరూ కూర్చున్నారు. వద్దన్నది వదిన ఒక్కతే. గుంటలాయన నవ్వి, "ఏమక్కా, ఆ నక్కలు నీకు పుట్టింటి చుట్టాలా?" అన్నాడు.

"చుట్టాలే నాయనా. నువ్వు దినామూ గట్టు మీద చచ్చిన రొయ్యల్ని పోసి విస్తరేస్తుంటే, రాకుండా ఎట్టుంటాయి? పిలిచి విస్తరేసి, తినేటప్పుడు మెడ పట్టుకుంటామా?"

షెడ్డంతా నవ్వింది. నవ్వినా ఎవరూ సరే అనలేదు. చచ్చిన రొయ్యల్ని కాకులు ఎత్తుకుపోతాయిలే అనుకుని అందరం గట్టు మీదే వదిలేసేవాళ్ళం. చేప తలకాయలూ అంతే. ఆమె చెప్పేదాకా ఆ సంగతి మాకు తట్టలేదు. గుంత తీసి, సున్నం చల్లి పూడ్చమంది. దొడ్లకి పాత వలలు కట్టుకోమంది. ఈ ఒక్క రొయ్యల పంట ఎత్తేదాకా ఆగమంది. వాళ్ళు ఇంకా గొణుగుతుంటే, "ఈలోపల నక్క ఎవరి మేకపిల్లనన్నా ఎత్తుకపోతే నా దొడ్లోది తోలుకపోండి" అంది. ఆ మాట మీద పంట దాకా ఆగడానికి ఒప్పుకున్నారు.

ఆమెకున్నవి పదకొండు మేకలు. వాటి మీదే ఇల్లు నడవాలి. నేను నోరు తెరిచి ఆమె పక్కన నిలబడాల్సింది. నిలబడలేదు. నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆ ముడి సంగతి ఆమె ఒక్క మాటలో బయటపెట్టగలిగేది. ఆమె నా వైపు కూడా చూడలేదు.

నోటితో చేయలేనిది చేత్తో చేశాను. చినిగిన వలలన్నీ ఏరుకొచ్చి, అతుకులేసి, ఇంటింటికీ దొడ్డి చుట్టూ కట్టాను. వదిన గుంతల దగ్గర నిలబడి సున్నం చల్లించింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది కాదు. "మనం చంపుకున్నవే గదా, కంపెందుకు" అనేది.

పంట సగంలో ఒకాయన మేకపిల్ల పోయింది. ఆయన వల తలుపు ముందురోజు తెరిచే వదిలేశాడని ఊరందరికీ తెలుసు. వదిన ఆ మాటే ఎత్తలేదు. ఉన్నవాటిలో బాగా ఎదిగినదాన్ని తోలుకుపోయి ఆయన గుంజకి కట్టి వచ్చింది. ఆయన సిగ్గుపడి తిరిగిస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. ఆ సాయంత్రం మాత్రం నా దగ్గరికొచ్చి, తలుపుకి కొక్కెం ఎట్లా పెట్టాలో అడిగి వెళ్ళాడు.

పంట ఎత్తారు. మరో పిల్ల పోలేదు. ఉచ్చులవాళ్ళని పిలిచే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వదిన గెలిచానని చెప్పుకోనూ లేదు. ఎవరైనా మెచ్చుకుంటే, "గమ్మునుండండి, వల కట్టింది మా మరిది" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆ ఐదు ఉచ్చులే నాకు గుర్తొచ్చేవి. ఆమెకీ గుర్తుండే ఉంటాయి. అయినా అట్లాగే చెప్పేది.

పెద్దదినం అయిన మర్నాడు మేకల్ని తోలడానికి నేను వెళ్ళాను. ఇసక మీద తోపు వైపు నుంచి ఒక అడుగుల వరస వచ్చింది, దారం లాగినట్టు. దొడ్డి దాకా వచ్చి, వల దగ్గర ఆగి, సముద్రం వైపు తిరిగి పోయింది. ఎప్పుడూ దాని పక్కన ఉండే వదిన చెప్పుల గుర్తులు లేవు. తలుపు కొక్కెం తీశాను. మేకల్ని ఆ వరస తొక్కనివ్వకుండా పక్కనుంచి తోలుకుపోయాను.