పత్తి గింజల్లో రాసిన పేరు

దయ్యాలంటే నాకు నవ్వు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. మా వీధిలో ఎవరికైనా పూనకం వస్తే ముందు బీపీ చూడమంటాను. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను.

మా అమ్మకి ఎనభై దాటాయి. చేతులు వణుకుతాయి. కాఫీ గ్లాసు నేనే పట్టుకుని తాగించాలి, సంతకం బదులు వేలిముద్రే. ఆవిడకి మిగిలిన కోరిక ఒక్కటే. వాళ్ల అమ్మమ్మ ఎవరి మనిషో నలుగురూ ఒప్పుకోవాలి.

ఆ అమ్మమ్మని పెంచుకున్నది రాఘవమ్మగారు. మా గుంటూరు జిల్లాలోనే, పిడుగురాళ్ల వెళ్లే దారిలో ఆవిడ ఊరు. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ రోజుల్లోనే, వితంతువులకి మళ్లీ పెళ్లి చెయ్యాలని వ్యాసాలు రాసింది. తన ఇంట్లోనే ఆడపిల్లలకి బడి పెట్టింది.

విధవ చెయ్యి పడిన బియ్యంలో పిల్లలు అక్షరాలు దిద్దితే అరిష్టం అన్నారట ఊళ్లోవాళ్లు. ఆవిడ ఏం తక్కువ తిందా! బియ్యం మానేసి పత్తి గింజలు పరిచింది. ఎవరు నాటారో విత్తనానికి అక్కర్లేదు, అది మొలుస్తుంది, అంతే అనేదట. మా ఇంట్లో ఇప్పటికీ అక్షరాభ్యాసం పత్తి గింజల్లోనే. నేనూ వాటిలోనే దిద్దాను.

మొన్నామధ్య రాఘవమ్మగారి తమ్ముడి వంశంవాళ్లు ఆవిడకి ఊళ్లో విగ్రహం పెడుతున్నారని, దాని కింద రాతి మీద వంశవృక్షం చెక్కిస్తున్నారని తెలిసింది. ఆ పని చూస్తున్న ప్రసాద్ గారికి ఫోన్ చేసి, పెంపుడు కూతురి పేరు కూడా చెక్కించమన్నాను. మర్యాదస్తుడు.

"ఆవిడకి పిల్లల్లేరండీ. పోనీ, మీరు చెప్పే ఆవిడ పేరేంటండీ?" అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ అమ్మమ్మని అందరూ పాపమ్మ అనే పిలిచారు. అసలు పేరు అమ్మకే తెలీదు. పేరు లేని మనిషిని రాతి మీద ఏమని చెక్కుతారు? ఆయన తప్పేం లేదు. అమ్మ మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు.

"బతికినన్నాళ్లూ ఎవరి పిల్లవే అన్నారు మా అమ్మమ్మని. పోయాక కూడా అదే మాటా?" అని ఏడ్చింది.

రాఘవమ్మగారి ఇల్లొకసారి చూపించమని పట్టుబట్టింది. సరేనని కారు మాట్లాడాను. వెళ్లేటప్పుడు ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుంది. అందులో పత్తి గింజలు. ఎందుకమ్మా అంటే సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ముందే చెప్పడంతో ప్రసాద్ గారు అక్కడే ఉన్నారు. ఆ ఇల్లు ఇప్పుడు మిరపకాయల గోడౌన్. సీజను కావడంతో టిక్కీలు, అదే మిరప బస్తాలు, దూలాల దాకా పేర్చారు. పట్టపగలు, పదకొండు గంటల వేళ. లోపల అడుగు పెట్టగానే ఘాటుకి ఆయనా నేనూ ఒకటే దగ్గు. ఉబ్బసం మనిషి, అమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరో పిలిచినట్టు తిన్నగా వెనక గదిలోకి నడిచింది.

ఆ గదిలోనూ టిక్కీలున్నాయి. కానీ ఘాటు లేదు. నా దగ్గు అక్కడ ఆగిపోయింది. ప్రసాద్ గారు ముక్కు మీంచి కర్చీఫ్ తీసి నా వంక చూశారు.

అమ్మ నేల మీద కూలబడి గింజలు పరిచింది. దూది అంటుకుని ఉంటుంది కాబట్టి వాటిలో అక్షరం అంత తేలిగ్గా పడదు. అమ్మ చూపుడు వేలు ఆనించింది. మణికట్టు కొంచెం పైకి లేచింది, పిల్లల చెయ్యి పట్టుకుని దిద్దిస్తామే, అలా. వణుకు లేదు. వేలు నింపాదిగా కదిలింది. ఒక్కొక్క అక్షరమే పడింది.

చూడామణి.

ఆ పేరు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ప్రసాద్ గారు గోడకి చేరగిలబడ్డారు.

"మా అక్క పేరండీ. మా మేనత్తదీ అదే. తరానికో ఆడపిల్లకి ఆ పేరు పెట్టాలంటారు. ఎవరి పేరో మాకెవరికీ తెలీదు" అన్నారు. తర్వాత అమ్మ ముందు కూర్చుని, "మామ్మగారూ, చెక్కిస్తానండీ" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు. అది ఘాటు వల్ల కాదు.

కారెక్కేసరికి వణుకు మళ్లీ మొదలైంది. మంచినీళ్ల సీసా నేనే పట్టుకున్నాను. ఎలా రాశావమ్మా అని అడిగాను.

"నేనెక్కడ రాశానే? ఆవిడే దిద్దించింది" అంది.

ఆలోచించాను. గదికి వెనక కిటికీ ఉంది, గాలికి ఘాటు పోయి ఉండొచ్చు. ఆ పేరు చిన్నప్పుడెప్పుడో చెవిన పడి ఉండొచ్చు. అంతవరకు సరిపెట్టుకోగలను. చెయ్యి సంగతే తేలదు. డాక్టరుకి చెప్తే, అలా జరగదండీ అని మందులు రాసిచ్చాడు.

విగ్రహం పెట్టిన రోజు అమ్మని తీసుకెళ్లాను. రాతి మీద రాఘవమ్మ, కింద చూడామణి, మధ్యలో గీత. ఆ అక్షరాలు తడిమి చూస్తానంది. మణికట్టు పట్టుకుని ఒక్కొక్కటే దిద్దించాను. గట్టిగానే పట్టుకున్నాను. చివరి అక్షరం దాకా ఆ చెయ్యి నా చేతిలో వణుకుతూనే ఉంది.

గోడౌన్లో ఆ రోజు వణకలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.